ఎద్దుకు పళ్ళు చూస్తాం, జట్టుకు చీటీ తీస్తాం

మా వైపు తిరునాళ్ళలో బండలాగుడు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. జత బరిలోకి దిగే ముందు ఒకాయన ఎద్దు మూతి ఒడిసిపట్టి, కింది పెదవి లాగి పళ్ళు లెక్కపెడతాడు. అది తల విదిలిస్తుంటే యజమాని గంగడోలు నిమురుతూ నిలబెడతాడు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరువేరు. ఆపైన న్యూ కేటగిరీ, జూనియర్స్, సీనియర్స్. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. రెండు పళ్ళ కోడెల్ని తెచ్చి సీనియర్స్ బండకు కడతానని ఎవరైనా అంటే, ఆ మనిషికి ఎండ దెబ్బ తగిలిందనుకుంటారు.

అదే తిరునాళ్ళ, అదే రాత్రి, కాస్త అవతల లైట్ల కింద కబడ్డీ. అక్కడ పళ్ళు చూసేవాడు లేడు. ఎంట్రీ ఫీజు కట్టిన ఊళ్ళ పేర్లు చీటీల మీద రాసి, స్టీలు డబ్బాలో వేసి కుదిపి, ఓ పిల్లాడి చేత తీయిస్తారు. ఎవరికి ఎవరు తగిలితే వాళ్ళతోనే ఆట. ఏడాదంతా సాధన చేసే జట్టుకు, పండక్కి ఇంటికొచ్చిన కుర్రాళ్ళతో అప్పటికప్పుడు కట్టిన జట్టు తగలొచ్చు. తగులుతుంది కూడా.

ఒక ఏడాది ఆ చీటీ మాకు పడింది. పోటీ పెట్టిన ఊరికి రెండు బస్సులు మారి వెళ్ళాం. ఎదుటి జట్టు ఒకే రంగు ట్రాక్ సూట్లు వేసుకుని గుండ్రంగా నిలబడి వార్మప్ చేస్తోంది. మాలో ఇద్దరికి బూట్లు లేవు, ఎనిమిదోవాడు ఇంకా దారిలోనే ఉన్నాడు. మొదటి సగం అవ్వకముందే రెండుసార్లు ఆలౌట్ అయ్యాం. ఆట మొత్తం అరగంట, రానూపోనూ ప్రయాణం ఐదు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. ఓడినందుకు మాకంత బాధ లేదు. ఒక్క ఆటకే సంచి సర్దుకోవాల్సి వచ్చిందే, అదీ బాధ. మరుసటి ఏడు ఫీజు కట్టడానికి మా ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు.

చిన్న జట్టుకు న్యాయం అంటే దాన్ని గెలిపించడమని చాలామంది అనుకుంటారు. అందుకే ఈ మాట ఎత్తగానే 'చేతకాకపోతే ఇంట్లో కూర్చోండి' అంటారు. చిన్న జట్టు మళ్ళీ ఏడాది కూడా వచ్చేలా పోటీని కట్టడమే అసలు ప్రశ్న. ఈ లెక్కతో చూస్తే లోకంలో చేసిన ప్రయత్నాల్లో ఏవి పనికొచ్చాయి, ఏవి పేరుకే మిగిలాయి అన్నది తేలికగానే తెలుస్తుంది.

ముందు 'చిన్న జట్టు' ఎవరో చెప్పుకోవాలి. మా చంద్రశేఖరపురం మండలం భైరవకోన గుహాలయాల పుణ్యమా అని బయటివాళ్ళకు కాస్త తెలుసు. మిగతాదంతా మెట్ట, వాన మీద బతుకు. చదువైన కుర్రాడు హైదరాబాదుకో బెంగళూరుకో పోతాడు, చదువు లేనివాడు కూలికి పోతాడు. పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య మగపిల్లలు ఏడుగురు ఒకేసారి ఊళ్ళో ఉండాలంటే సంక్రాంతో, శివరాత్రో, ఎన్నికలో రావాలి. ఇలాంటి ఊరికి ప్రతిభ లేక కాదు, ఎంచుకోవడానికి మనుషులు లేక చిన్న జట్టు. పక్కన కళాశాలలూ మైదానాలూ ఉన్న పట్టణం వందమందిలోంచి పన్నెండుగురిని ఏరుకుంటుంది. మేం పదిమందిలోంచి పన్నెండుగురిని ఏరుకోవాలి.

విచిత్రమేమిటంటే, బలహీనుడిని ఎలా ఆదుకోవాలో కబడ్డీకి మనకంటే బాగా తెలుసు. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలినప్పుడు రైడర్‌ను పట్టేస్తే అది సూపర్ టాకిల్, ఒక పాయింటు అదనం. బోనస్ గీత అవతలి జట్టులో కనీసం ఆరుగురు ఉన్నప్పుడే పనిచేస్తుంది. జనం తగ్గిన జట్టు మీద ఊరికే గీత తాకి పాయింట్లు దండుకోవడం కుదరదు. అవుటై బయట కూర్చున్నవాడు శాశ్వతంగా పోడు, మనవాళ్ళు ఒకరిని అవుట్ చేయగానే లోపలికొస్తాడు. ఏడుగురూ పోతే రెండు పాయింట్లు ఇచ్చుకుని మళ్ళీ ఏడుగురితో మొదలుపెట్టొచ్చు. సీనియర్ జాతీయ పోటీల్లో మగవాళ్ళకు 85 కిలోలు, ఆడవాళ్ళకు 75 కిలోలు దాటకూడదన్న నిబంధన ఉంది. కోర్టు లోపల ఇంత జాగ్రత్త పడిన ఆటను కోర్టు బయట చీటీల డబ్బాకు అప్పగించేశాం.

పెద్ద ఆటల్లోకి వస్తే మనకు బాగా తెలిసిన ఉదాహరణ రంజీ ట్రోఫీ. ఆంధ్ర జట్టు 1953–54లో రంజీలోకి వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకే పోటీ జోన్ల వారీ లీగ్ అయింది. మనది సౌత్ జోన్. ఇంటి చుట్టూ చూస్తే మైసూరు, మద్రాసు, హైదరాబాదు. ప్రసన్న, చంద్రశేఖర్, విశ్వనాథ్ ఉన్న మైసూరు ఒక పక్క, వెంకట్రాఘవన్ ఉన్న మద్రాసు ఒక పక్క, జయసింహ, పటౌడీల హైదరాబాదు ఇంకో పక్క. జోన్ నుంచి ముందుకు వెళ్ళేది పైనున్న కొద్దిమందే. అంటే ఆంధ్ర, కేరళల సీజన్ ఏటా ఎక్కడ ముగుస్తుందో మొదటి బంతి వేయకముందే తెలుసు. బలమైన పొరుగు ఉండటం తప్ప ఆంధ్ర కుర్రాళ్ళు చేసిన నేరమేమీ లేదు. వేరే జోన్‌లో పుట్టి ఉంటే వాళ్ళ లెక్కే వేరు.

2002–03లో జోన్లు తీసేసి, బలాన్ని బట్టి ఎలైట్, ప్లేట్ అని రెండు అంతస్తులు కట్టారు. ప్లేట్‌లో బాగా ఆడితే పైకి, ఎలైట్‌లో పడిపోతే కిందికి. ఈశాన్య రాష్ట్రాలతో కలిపి తొమ్మిది కొత్త జట్లు వచ్చిన 2018–19లో వాటిని తెచ్చి ముంబై ముందు, కర్ణాటక ముందు పడేయకుండా ప్లేట్‌లోనే పెట్టారు. అందులో పైకి వచ్చిన ఉత్తరాఖండ్‌కు క్వార్టర్ ఫైనల్ తలుపు తీశారు. తొలి ఏడాదే ఆ జట్టు అక్కడిదాకా వెళ్ళింది. ఏళ్ళ తరబడి కింది గ్రూపుల్లో ఆడిన కేరళ 2024–25లో మొదటిసారి రంజీ ఫైనల్ ఆడింది. ఈ మార్పులకు అంతస్తులు ఒక్కటే కారణమనను, కానీ ఏటా సమఉజ్జీలతో ఐదారు మ్యాచ్‌లు ఆడిన జట్టు నేర్చుకుంటుంది. ఏటా ఇన్నింగ్స్ తేడాతో ఓడిన జట్టుకు ఓటమి అలవాటవుతుంది.

ఇదే గొడవను నూటపాతికేళ్ళకు పైగా పడుతున్న దేశం ఇంకొకటి ఉంది, ఐర్లండు. అక్కడి గేలిక్ ఫుట్‌బాల్ చేత్తోనూ కాలితోనూ ఆడే ఆట, జట్టుకు పదిహేనుమంది. 1884లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ దాన్ని నడుపుతుంది. మన రంజీ జోన్లలాగే వాళ్ళకు నాలుగు ప్రావిన్సులు. మనిషి సొంత కౌంటీని బట్టి జట్టు, జట్టున్న చోటును బట్టి ప్రత్యర్థి. జీతాలు లేవు, కొనుగోళ్ళు లేవు, ఉన్న మనుషులతోనే ఆడాలి. అందుకే అక్కడ చిన్న జట్టు బాధ మరీ పచ్చిగా కనిపిస్తుంది. లీట్రిమ్ అనే కౌంటీ మొత్తం జనాభా 35 వేలు, మన వైపు ఒక మామూలు మండలమంత. డబ్లిన్‌లో 14 లక్షలకు పైన. ఇద్దరూ ఒకే దేశపు ట్రోఫీకి పోటీ. లీట్రిమ్ తన ప్రావిన్సు కప్పు గెలిచింది చరిత్రలో రెండేసార్లు, 1927లో ఒకసారి, 1994లో ఒకసారి. డబ్లిన్ 2011 నుంచి 2024 దాకా తన లెన్‌స్టర్ కప్పును వరసగా పద్నాలుగేళ్ళు ఇంటికి తీసుకుపోయింది.

వాళ్ళు చేసిన మరమ్మతులు మనకు పాఠం. 2001 దాకా ప్రావిన్సులో ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏటికి ఇక సెలవే. ఆ ఏడు ఓడినవాళ్ళకు 'వెనక గుమ్మం' తెరిచారు, ఇంకో దారిలో మళ్ళీ ఆడొచ్చు. అది చిన్న జట్లకు మేలు చేస్తుందనుకున్నారు గానీ పెద్ద జట్లే ఎక్కువ వాడుకున్నాయి. ఓడిపోయిన బలవంతుడు వెనక గుమ్మంలోంచి వచ్చి మళ్ళీ బలహీనుడినే కొట్టాడు. ఆ తర్వాత 2004లో చిన్న కౌంటీలకని టామీ మర్ఫీ కప్ పెట్టారు. నాలుగైదేళ్ళకే ఎత్తేశారు. ఎందుకంటే అది ఓదార్పు బహుమతిలా ఉంది, ఆడేవాళ్ళకే దాని మీద గౌరవం లేదు. 2022లో మళ్ళీ అదే ఆలోచనను టాల్చన్ కప్ పేరుతో తెచ్చారు. ఈసారి ఒక పని సరిగ్గా చేశారు. ఫైనల్ మునుపటిలాగే దేశంలోకెల్లా పెద్ద మైదానం క్రోక్ పార్కులోనే, కానీ గెలిచిన జట్టుకు మరుసటి ఏడు పెద్ద పోటీలో చోటు ఖాయం చేశారు. మొదటి ఏడు వెస్ట్‌మీత్ గెలిచింది. ఆలోచన పాతదే, కానీ దానికో పైమెట్టు కట్టగానే జనం నమ్మారు.

అక్కడి ఊరి క్లబ్బుల పద్ధతి మరీ నచ్చింది నాకు. సీనియర్, ఇంటర్మీడియట్, జూనియర్ అని మూడు తరగతులు, ఒక్కోదానికీ దేశస్థాయి ఫైనల్. జూనియర్ అంటే వయసు కాదు, స్థాయి. నాలుగు వీధుల ఊరి జట్టు కూడా తన తరగతిలో గెలుచుకుంటూ పోతే క్రోక్ పార్కు పచ్చిక మీద ఆడుతుంది. మన బండలాగుడు కమిటీ వాళ్ళను అక్కడికి తీసుకెళ్తే 'ఇందులో కొత్తేముంది' అంటారు.

మన దగ్గర ప్రభుత్వమే ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పే ప్రయత్నం చేసింది. 2023 డిసెంబర్ 26న గుంటూరులో మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన 'ఆడుదాం ఆంధ్రా'లో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్ పెట్టారు. రాజకీయాల మాట పక్కన పెట్టి ఆట కట్టిన తీరు చూద్దాం. మొదటి మెట్టు గ్రామ, వార్డు సచివాలయం. రాష్ట్రంలో 15,004 సచివాలయాలు. గ్రామ సచివాలయం సుమారు రెండు వేల జనాభాకు ఒకటి కాబట్టి, ఊరెంత చిన్నదైనా మొదటి ఆట దాదాపు తనంత వాళ్ళతోనే. ఇది మంచి ఆలోచన, నేను చూసినంతలో అన్ని పోటీల కంటే సమంగా మొదలైంది ఇదే. చిక్కు ఆపై మెట్ల మీద వచ్చింది. మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం అంటూ మనిషి ఎక్కేకొద్దీ సమానత్వం కరిగిపోతుంది. కనిగిరి నియోజకవర్గంలో కనిగిరి, పామూరు, చంద్రశేఖరపురం, వెలిగండ్ల, పెదచెర్లోపల్లి, హనుమంతునిపాడు మండలాలున్నాయి. కనిగిరి, పామూరు పట్టణాల జట్లతో హనుమంతునిపాడు జట్టు నాకౌట్‌లో తలపడాల్సి వచ్చేది. మొదటి మెట్టు మీద అంత శ్రద్ధగా కొలిచిన చేతులు పై మెట్ల దగ్గర కొలబద్ద పారేశాయి.

హద్దులు గీసే చేతుల్లో ఎంత బలముందో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా మా జిల్లా కట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి, కనిగిరి నెల్లూరు నుంచి వచ్చింది, ఒంగోలు గుంటూరు నుంచి. జిల్లా జట్టు ఎంపిక అంటే మా పిల్లలకు వంద కిలోమీటర్లు దాటిన ఒంగోలు ప్రయాణం. పొద్దున ఎంపికకు చేరాలంటే ముందురోజే బయల్దేరాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలో ఎవరినో అడగాలి. 2025 చివర్లో మార్కాపురం జిల్లా విడిగా ఏర్పడటంతో పడమటి మండలాలకు మొదటిసారి సొంత జిల్లా జట్టు వస్తుంది. కోస్తా ఊళ్ళతో పోటీ పడకుండానే రాష్ట్రస్థాయికి వెళ్ళే దారి తెరుచుకుంటుంది. సంతోషమే. కానీ ఎంపికలన్నీ మార్కాపురంలోనే పెడితే చంద్రశేఖరపురం పిల్లాడికి ఒంగోలు పోయి మార్కాపురం వచ్చినట్టే అవుతుంది. ఒక ఏడు కనిగిరిలో, ఒక ఏడు గిద్దలూరులో, ఒక ఏడు యర్రగొండపాలెంలో పెడితే ఖర్చేమీ పెరగదు. బస్సు మారేది ఎవరన్నదే మారుతుంది.

ఇక ఊళ్ళ పోటీలకు పట్టిన అసలు తెగులు అద్దె ఆటగాళ్ళు. మొదటి బహుమతి లక్షకు అటూ ఇటూ ఉందని ఫ్లెక్సీ మీద పడితే చాలు, ఊరి పేరు మీద ఊరివాడొక్కడూ లేని జట్టు దిగుతుంది. ఎక్కడివాళ్ళో నలుగురు రైడర్లు, ఇద్దరు కార్నర్లు, దాత ఒకరు. బనీను మీద మాత్రం మన పక్క ఊరి పేరు. వాళ్ళను తప్పుపట్టను, ఆట మీద బతికేవాడికి రాత్రికి నాలుగు డబ్బులు రావడం మంచిదే. కానీ అలాంటి జట్టూ, సంక్రాంతి సెలవుల జట్టూ ఒకే డబ్బాలో చీటీలు కావడం ఏమిటి? డబ్బే లోకమైన ప్రొ కబడ్డీ లీగ్ సైతం ఇంత వదిలేయలేదు. 2014లో మొదలైన ఆ లీగ్‌లో అన్ని జట్లకూ వేలంలో ఖర్చుపెట్టే సొమ్ముకు ఒకే పరిమితి, ఇటీవలి సీజన్లలో 5 కోట్లు. తెలుగు టైటాన్స్‌కైనా పట్నా పైరేట్స్‌కైనా సంచి ఒకటే. ఊరి పోటీలో సంచి కొలిచేవాళ్ళు లేరు గనక కనీసం ఆధార్ కార్డు చూడొచ్చు. ఏడుగురిలో ఐదుగురు ఆ మండలం వాళ్ళై ఉండాలి, ఇద్దరు బయటివాళ్ళు చాలు. పోటీకి మెరుపూ ఉంటుంది, ఊరి పేరుకు అర్థమూ ఉంటుంది. వలస వెళ్ళినవాడి ఆధార్ హైదరాబాదుకు మారిపోయి ఉంటుంది, వాడికి రేషన్ కార్డో, పదో తరగతి సర్టిఫికెట్టో చాలనాలి. లేకపోతే ఊరివాడినే ఊరికి పరాయివాణ్ణి చేస్తాం.

బడి పిల్లల పోటీల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 అని వయసు చూస్తారు, అది మంచిదే. కానీ పొద్దున్నా సాయంత్రం మైదానంలో ఉండే హాస్టల్ బడి పిల్లలూ, సాయంత్రం బస్సు అందకపోతే ఇంటికి చేరలేని జిల్లా పరిషత్ బడి పిల్లలూ ఒకే వరుస. ఆడపిల్లల జట్ల సంగతి సరేసరి. వాళ్ళకు మొదటి సమస్య ప్రత్యర్థి బలం కాదు, రాత్రి పోటీ.

నాకౌటే ఎందుకు పెడతారని ఒక కమిటీ కుర్రాణ్ణి అడిగాను. 'లైట్లన్నా, ఒక్క రాత్రికే అద్దె' అన్నాడు. అబద్ధం కాదు. పదహారు జట్లొస్తే నాకౌట్‌కు పదిహేను మ్యాచ్‌లు. సగానికి పదిహేను నిమిషాలు పెట్టి, మధ్యలో ఐదు నిమిషాలు ఆపి, గొడవలకు ఇంకో ఐదు కలిపితే మ్యాచ్‌కు నలభై నిమిషాలు. మొత్తం పది గంటలు. రాత్రి ఏడింటికి కొబ్బరికాయ కొడితే తెల్లారుజామున ఐదింటికి కప్పు ఇచ్చేయొచ్చు. నాలుగేసి జట్లతో నాలుగు గ్రూపులు కడితే గ్రూపు మ్యాచ్‌లే ఇరవై నాలుగు, సెమీస్, ఫైనల్ కలిపి ఇరవై ఏడు. ఒక్క కోర్టు మీద అది కుదరని పని. కానీ ఈ రెంటికీ మధ్య ఒక దారుంది. మొదటి రౌండులో ఓడిన ఎనిమిది జట్లకు మళ్ళీ చీటీలు తీసి, వాళ్ళలో వాళ్ళకే ఇంకో కప్పు. దానికి ఏడు మ్యాచ్‌లే. మొత్తం ఇరవై రెండు, మధ్యాహ్నమే మొదలుపెడితే ఒక్క రాత్రి లైట్లతోనే అయిపోతాయి. ఎవరూ ఒక్క ఆటతో ఇంటికి పోరు. వెనక గుమ్మంలోంచి పెద్ద జట్టు వచ్చి మళ్ళీ కొట్టే భయమూ తక్కువ, ఎందుకంటే మొదటి రౌండులోనే ఓడే పెద్ద జట్టు ఎంతని ఉంటుంది?

ఆ పెద్ద జట్లు ఒకదానికొకటి మొదటి రౌండులోనే తగలకుండా నిరుటి సెమీస్ ఆడిన నాలుగింటినీ నాలుగు మూలల పెట్టి, మిగతావాటికే చీటీలు తీయాలి. దీన్ని పెద్దవాళ్ళకు చేసే ఉపకారం అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ నాలుగు పెద్ద జట్లు నాలుగు మూలల ఉంటే, వాటిలో ఒకటి ఇంకోదాని చేతిలో మొదటి రౌండులోనే ఓడి చిన్నవాళ్ళ రెండో కప్పులోకి దిగదు. డబ్బాను నమ్ముకుంటే ఈ హామీ లేదు.

ఎద్దుల్లాగే జట్లకూ విభాగాలు ఉండాలన్నదానికి ఎదురు వాదన ఒకటుంది, బలమైనదే. విభాగాలు పెడితే చిన్న ఊరు పెద్ద ఊరిని మట్టి కరిపించే రాత్రి ఇక రాదంటారు. ఆ రాత్రి ఎలా ఉంటుందో నాకూ తెలుసు, జనం టవళ్ళు తిప్పుతూ కోర్టులోకి దూకుతారు. ఐర్లండులో లౌత్ అనే బుల్లి కౌంటీ 1957 తర్వాత మళ్ళీ 2025లో లెన్‌స్టర్ కప్పు ఎత్తినప్పుడు ఆ దేశమంతా అలాగే ఊగిపోయింది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఆ మధ్య అరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒక రాత్రి సంబరం కోసం అరవై ఏడు ఏళ్ళు పిల్లల్ని ఉత్తచేతులతో పంపించడం నాకు బేరంగా అనిపించదు. రెండో అభ్యంతరం మోసం గురించి. ఎద్దు పళ్ళు అబద్ధమాడవు గానీ మనుషులు కావాలని కింది విభాగంలో ఉండిపోతారని. ఉంటారు. కింది కప్పు గెలిచిన జట్టు మరుసటి ఏడు పై వరసలోనే ఆడాలని రాసిపెట్టుకుంటే ఆ ముచ్చట ఒక్క ఏడాదికి మించదు.

బండలాగుడు దగ్గర పళ్ళు చూసే పెద్దాయనను ఒకసారి అడిగాను: 'ఏంది మామా, అంత ఇదిగా చూస్తావు, దయా?' నవ్వి, 'దయేందిరా, పళ్ళు చూడకుండా కడితే వచ్చే ఏడు జతలు వస్తాయా? వట్టి బండను నువ్వు లాగుతావా?' అన్నాడు.

మా వైపు ఊళ్ళలో ఈ పండక్కి మైకు పట్టుకునే కమిటీలకు నా మనవి ఒక్కటే. మొదటి రౌండులో ఓడిన ఎనిమిది జట్లను పంపించేయకండి, రెండో డ్రా తీయండి. ఆ రెండో కప్పు బహుమతిని పెద్ద ఫైనల్‌కు ముందు, జనం నిండుగా ఉన్నప్పుడు, అవే లైట్ల కింద ఇవ్వండి. ఖర్చు ఏడు మ్యాచ్‌లు, ఐదు గంటల సమయం.